పెద్ద యూనివర్సిటీలో పూర్వ విద్యార్థుల విభాగం, నిధుల సేకరణ చూసే ఉద్యోగం ఎలా ఉంటుంది?

మీరు బ్యాంకులో కార్పొరేట్ ఖాతాలు చూస్తున్నారు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు పూర్వ విద్యార్థుల వ్యవహారాలు, విరాళాల సేకరణ రెండూ కలిపి చూసే డైరెక్టర్‌గా రమ్మంటున్నారు. "డబ్బులు అడగడం నాకు అలవాటే, చేరిపోనా? జీతం ఎలా ఉంటుంది?" అన్నది మీ ప్రశ్న. తెలుగు రాష్ట్రాల్లోని ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో కొన్నేళ్లు నేను ఆ పనే చేశాను, కాబట్టి చెప్తున్నాను. ఏ యూనివర్సిటీ అన్నది మాత్రం చెప్పను.

ఆ ఉద్యోగంలో అడగడం చిన్న ముక్క. ఇచ్చిన డబ్బు సరైన ఖాతాలో పడాలి, అనుకున్న పనికే ఖర్చవాలి, ఆ సంగతి ఇచ్చినాయనకు తెలియాలి. మీ టైమంతా తినేది ఈ మూడే. ఇవి జరగాల్సింది డల్లాస్‌లోనో హైటెక్ సిటీలోనో కాదు, మీ పక్క బిల్డింగులో ఉన్న అకౌంట్స్ సెక్షన్‌లో.

చేరిన వారంలోనే ఎవరో ఒకరు ఐఐటీల కథ ఎత్తుతారు. "మన బాపట్ల నుంచి వెళ్లిన చివుకుల కృష్ణ గారు 2024లో ఐఐటీ మద్రాసుకు 228 కోట్లిచ్చారు, మనకెందుకు ఇవ్వరు?" అంటారు. అది నిజమే. కానీ ఆయన అక్కడ ఎంటెక్ పూర్తి చేసింది 1970లో, అంటే ఆ చెక్కు రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ సంస్థలో విరాళాల కోసమే ప్రత్యేకంగా ఒక ఆఫీసు, దానికి పూర్తికాలం సిబ్బంది ఉన్నారు. ఇన్ఫోసిస్ నందన్ నీలేకని 2023లో ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ప్రకటించే నాటికే 85 కోట్లు ఇచ్చి ఉన్నారు. ముందు ఇచ్చిన దానికి లెక్క సరిగ్గా కనబడితేనే ఎవరైనా తర్వాతి పెద్ద చెక్కు రాస్తారు. ఈ ముక్క మీ వీసీ (వైస్ చాన్సలర్) గారికి మొదటి మీటింగులోనే చెప్పేయండి. లేకపోతే ఏడాది తిరక్కుండానే "ఎన్ని కోట్లు తెచ్చావు" అని నిలదీస్తారు.

పైగా మన యూనివర్సిటీల సంగతి వేరు. ఐఐటీలో ఒక బ్యాచ్ అంటే నాలుగేళ్లు ఒకే హాస్టళ్లలో కలిసి బతికినవాళ్లు. అందుకే అక్కడ సిల్వర్ జూబ్లీకి బ్యాచ్ మొత్తం కలిసి కోట్లు పోగు చేయగలుగుతుంది. మన దగ్గర డిగ్రీ పట్టాల్లో అధిక భాగం అనుబంధ కాలేజీలవే. వాళ్లు మనల్ని తలుచుకునేది పరీక్ష ఫీజు కట్టడానికి, ఒరిజినల్ డిగ్రీ తెచ్చుకోవడానికి మాత్రమే. "మాది ఫలానా కాలేజీ" అంటారు గానీ "మాది ఫలానా యూనివర్సిటీ" అనరు. మీ జనం ఎవరంటే క్యాంపస్‌లో చదివినవాళ్లు, అందులోనూ హాస్టల్లో ఉన్నవాళ్లు. కాబట్టి లక్షల మంది జాబితా కోసం తాపత్రయపడకండి.

జాబితా అన్నాను కాబట్టి దాని సంగతి కాస్త చెప్పాలి. మా దగ్గర పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఎక్సెల్‌లోకి ఎక్కించాం. ఒక్క సివిల్ బ్రాంచిలోనే కె. శ్రీనివాసరావులు ఎంతమందో! ఇంటిపేరు ఒక్క అక్షరంలో దాక్కుంటుంది, తండ్రి పేరు పక్కన ఊరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆడవాళ్ల విషయంలో ఇంకా కష్టం, పెళ్లయ్యాక చాలామంది ఇంటిపేరు మారిపోతుంది. మమ్మల్ని ఆదుకున్నది హాస్టల్ మెస్ బకాయిల పుస్తకం. అందులో రూము నంబరు, ఊరు, మనియార్డరు ఎవరి పేరున వచ్చేదో అన్నీ రాసి ఉన్నాయి. ఆ రూములో ఉన్న ఒక్కరు దొరికితే చాలు, మిగతా ఇద్దరు ఎక్కడున్నారో ఆయనే చెప్తాడు. ప్రతి బ్యాచికీ ఒక వాట్సాప్ గ్రూపు, దానికి ఓపికున్న అడ్మిన్ ఒకరు ఉంటారు. ఆ అడ్మిన్‌లే మీకు అసలు డేటాబేస్. సాఫ్ట్‌వేర్ కొనమని అమ్మకాలవాళ్లు వస్తారు, తర్వాత చూద్దామనండి.

పూర్వ విద్యార్థి తనంతట తాను యూనివర్సిటీకి ఫోన్ చేసేది ఎప్పుడో తెలుసా? ట్రాన్స్‌క్రిప్ట్, అంటే చదివిన అన్నేళ్ల మార్కులూ చూపే అధికారిక పత్రం, కావాల్సినప్పుడు. కెనడాకో అమెరికాకో వెళ్తూ అక్కడ తన డిగ్రీకి గుర్తింపు కోసం సీలు వేసిన కవరు పంపమని అడుగుతాడు. వాళ్ల నాన్న గారు పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, చలానా కట్టి, కిటికీ దగ్గర నిలబడి "రేపు రండి" అనిపించుకుని వెళ్తారు. అలాంటి ఇంటికి పదేళ్ల తర్వాత మీరు విరాళం కోసం ఉత్తరం రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మేము ఆ పనికి పరీక్షల విభాగంలో ఒక గుమస్తాను అడిగి పెట్టించుకున్నాం. దరఖాస్తు ఏ బల్ల మీదుందో ఈమెయిల్లో చెప్పడం మొదలుపెట్టాం. ఆడంబరంగా చేసిన ఆత్మీయ సమ్మేళనాల కంటే ఈ ఒక్క ఏర్పాటుకే ఎక్కువ కృతజ్ఞతలు వచ్చాయి. కొన్నాళ్లకు చెక్కులూ వచ్చాయి.

సమ్మేళనాలు వద్దని కాదు. గోల్డెన్ జూబ్లీ బ్యాచ్ వాళ్లు వస్తే వేదిక మీద శాలువాలు, ఉపన్యాసాలు తగ్గించి వాళ్లను తీరిగ్గా తిరగనివ్వండి. రిటైరైన చీఫ్ ఇంజనీరు గారు ముందు వెళ్లేది పాత రూము చూడటానికే. అక్కడ కిటికీ తలుపు ఊడిపోయి కనబడితే ఆయనే "దీనికెంతవుతుందయ్యా" అంటారు. ఆ మాటకు జవాబు మీ జేబులో సిద్ధంగా ఉండాలి: ఆ బ్లాకు మరమ్మతుకు ఇంజనీరింగ్ సెక్షన్ వేసిన అంచనా, ఏ ఖాతాలో వేయాలి, పని ఎప్పటికి అవుతుంది. "కనుక్కుని చెప్తాను సార్" అన్నారో, ఆయన రైలెక్కేస్తారు.

ఖాతా విషయంలో మీ బ్యాంకు అనుభవం అక్కరకొస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) వర్తిస్తుంది. 2021 నుంచి అలాంటి డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. చట్టం ద్వారా ఏర్పడి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు మినహాయింపు ఉంది. మీ యూనివర్సిటీ అందులోకి వస్తుందో లేదో చేరకముందే ఫైనాన్స్ ఆఫీసర్‌ను అడగండి. పూర్వ విద్యార్థుల సంఘం సొసైటీగా విడిగా రిజిస్టరై ఉంటే దాని లెక్క మళ్లీ వేరు. ఇక్కడివాళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడుగుతారు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేదని ముందే చెప్పేయాలి, లేకపోతే మార్చిలో మీకు ఫోన్ల మీద ఫోన్లు. అమెరికాలో ఉన్నవాళ్లకు అక్కడ పన్ను మినహాయింపు ఉన్న సంస్థ ద్వారా విరాళం పంపితేనే లాభం. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి అంతే మొత్తం జత చేస్తాయి కాబట్టి ఆ దారి వేసుకోవడం మంచిది. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో స్టాలు పెడితే ఫొటోలు బాగా వస్తాయి. డబ్బు మాత్రం ఆ తర్వాత ఎవరింట్లోనో పది మంది కూర్చున్న చోట తేలుతుంది.

ఇక మొహమాటం పెట్టే విషయం. స్కాలర్‌షిప్ పెడతానని వచ్చేవాళ్లలో కొందరు "మా కులం పిల్లలకే ఇవ్వాలి" అంటారు. చాలా మర్యాదగా, పెద్ద మనసుతోనే అంటారు. ఒప్పుకున్నారంటే యూనివర్సిటీ పేరు మీద అది ఎప్పటికీ ఉండిపోతుంది. నేను ఆయన ఊరి గురించి అడిగేవాణ్ణి. ఆ మండలం హైస్కూల్లో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్లకు ఇద్దామా అని అడిగితే చాలామంది మెత్తబడేవాళ్లు. కొందరు లేచి వెళ్లిపోయారు. పోనివ్వండి.

పాత ఎండోమెంట్ల (మూలధనం కదపకుండా వడ్డీతో నడిపే విరాళాల) ఫైళ్లు మాత్రం తప్పకుండా తెరిపించండి. విరాళం మన యూనివర్సిటీలకు కొత్తదేం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. అంత పెద్దవి కాకపోయినా ప్రతి చోటా తండ్రి పేరునో, చనిపోయిన కొడుకు పేరునో పెట్టిన గోల్డ్ మెడళ్లు ఉంటాయి. అప్పట్లో వేసిన కొద్దివేల మూలధనం మీద వచ్చే వడ్డీతో ఇప్పుడు బంగారం మాట అటుంచి పూత కూడా రాదు. మా దగ్గర కొన్ని కుటుంబాలకు ఆ మెడల్ ఇంకా ఇస్తున్నారో లేదో కూడా తెలియదు. వరసగా ఉత్తరాలు రాశాం: ఇన్నేళ్లలో మీ మెడల్ వీళ్లకు వచ్చింది, ఈ పిల్లలు ఇప్పుడు ఫలానా చోట ఉన్నారు, మూలధనం మాత్రం సరిపోవడం లేదు. ఒక మెడల్ అందుకున్నావిడ ఓ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నారు. ఆవిడ ఫోను నంబరు ఆవిడ అనుమతితోనే ఆ దాత మనవడికి ఇచ్చాం. ఇద్దరూ మాట్లాడుకున్నారు, మూలధనం పెరిగింది. కొత్త దాతను వెతకడం కన్నా ఈ ఫైళ్లలో ఉన్న ఇళ్ల తలుపు తట్టడం తేలిక.

వీసీ పదవీకాలం సాధారణంగా మూడేళ్లు. పెద్ద దాత మనసు కుదుటపడటానికి అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు. కొత్త వీసీ రాగానే పాత హామీలు మూలన పడతాయి. అందుకని ప్రతి ఒప్పందాన్నీ పాలకమండలి తీర్మానంగా చేయించి నంబరు వేయించుకోండి.

జీతం గురించి కూడా అడిగారు. కాంట్రాక్టు ఉద్యోగమే అవుతుంది, బ్యాంకులో వచ్చేదాని కంటే తక్కువ ఉంటుంది. "తెచ్చినదాంట్లో ఇంత శాతం" అని ఎవరైనా ఆశ పెడితే ఒప్పుకోకండి. అంతర్జాతీయంగా ఈ వృత్తి వాళ్ల నియమావళి కూడా కమిషన్‌ను ఒప్పుకోదు. తన విరాళంలో మీకు వాటా ఉందని తెలిస్తే ఆ చీఫ్ ఇంజనీరు గారు మళ్లీ మీ ఫోనెత్తరు. జీతం కంటే గట్టిగా రెండు విషయాలు అడగండి: అకౌంట్స్‌లో మీ పని మాత్రమే చూసే ఒక మనిషి, రసీదు మీద సంతకం పెట్టే అధికారం. ఈ రెండూ ఆర్డరులో రాసిస్తేనే చేరండి.