పెస్ట్ కంట్రోల్ లైసెన్స్ ఉంటే క్వారంటైన్ పర్మిట్ అక్కర్లేదా?

ప్రశ్న: మాది చిన్న పెస్ట్ కంట్రోల్ సంస్థ. మేం తిరిగే ప్రాంతంలో కొంత భాగాన్ని, బయటి నుంచి వచ్చిపడ్డ ఒక పురుగు వల్ల క్వారంటైన్ జోన్‌గా ప్రకటించారు. మందు కొట్టే లైసెన్స్ ఎలాగూ ఉంది. మళ్లీ పర్మిట్ కావాలా? నరికిన కొమ్మలు, పురుగు శాంపిళ్లు మా బండిలోనే తెచ్చుకుంటాం, ఫర్వాలేదా?

జవాబు: కావాలో వద్దో మీ ప్రాంతానికి ఇచ్చిన క్వారంటైన్ ఉత్తర్వే చెప్పాలి. లైసెన్స్ ఉంది కదా అని మాత్రం ధీమాగా ఉండకండి. అది మందు వాడటానికి ఇచ్చినది. క్వారంటైన్ నిబంధనలు చూసేది వేరే విషయం, పురుగు గానీ దాని గుడ్లు గానీ ఆ హద్దు దాటుతున్నాయా అని. రోజూ పది ఇళ్లకు తిరిగే మీ బండి వాటికి మంచి వాహనం.

2014లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బయటపడ్డ స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే పురుగునే తీసుకోండి. అది చెట్టు మీదే గుడ్లు పెట్టాలని లేదు, రాయి మీద, ఇనుము మీద, బండి అడుగున కూడా పెడుతుంది, ఒక్కో ముద్దలో 30 నుంచి 50 దాకా ఉంటాయి, చూస్తే ఎండిన మట్టి మరకే అనుకుంటాం. అందుకే అక్కడ జోన్‌లో తిరిగే వ్యాపార వాహనాలకు కూడా పర్మిట్ పెట్టారు.

కాబట్టి ఉత్తర్వులో నియంత్రిత వస్తువుల జాబితా చదవండి, వాహనాలు, పనిముట్లు అందులో ఉన్నాయేమో చూడండి. జోన్ హద్దులు మారుతుంటాయి, పాత మ్యాపు నమ్ముకోవద్దు.

కొమ్మల విషయంలో నాకు నిజంగా భయం. ఎమరాల్డ్ యాష్ బోరర్ (యాష్ చెట్లను తొలిచే పురుగు) లాంటి వాటి లార్వాలు, అంటే పిల్ల పురుగులు, బెరడు కింద ఉంటాయి, పైన మందు కొడితే చావవు, మీరు ఆ కొమ్మలు హద్దు దాటించారంటే కస్టమర్ అడిగాడన్న మాట మిమ్మల్ని కాపాడదు. వ్యర్థాలు జోన్ బయటికి తీసుకెళ్లబోమని కాంట్రాక్టులోనే రాసుకోండి. బతికున్న శాంపిల్ తీసుకెళ్లాలంటే చాలాచోట్ల విడిగా అనుమతి కావాలి. ఫొటో తీసి, చోటు రాసుకుని, అధికారులకు చెప్పడం మేలు.

ఇంకొకటి, "ఈ సరుకులో పురుగు లేదు" అని మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వకండి. ఉదాహరణకు ఎగుమతికి వాడే చెక్క పెట్టెలను, ఆ చెక్క లోపలి భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా వేడిచేసి 30 నిమిషాలు ఆపకుండా అలాగే ఉంచినా, అధికారం పొందినవాళ్లే ముద్ర వేయాలి.

బయల్దేరేముందు బండిని ఎవరు చూశారు, ఏం దొరికింది అన్నది ఏరోజుకారోజు రాయించండి, ఎందుకంటే సిబ్బంది చేసిన తప్పు సాధారణంగా సంస్థ మీదికే వస్తుంది.

ఇప్పటికే పర్మిట్ లేకుండా తిరిగుంటే ఆ ట్రిప్పులు ఆపి, వకీలుతో మాట్లాడి, అధికారుల దగ్గరికి మీరే వెళ్లండి. టెన్షన్‌లో పాత తేదీలతో రికార్డులు మాత్రం సృష్టించకండి, అది ఇంకో నేరమవుతుంది.