ముందు పెట్టె లెక్క, ఆ తరువాత విశ్వం

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు క్వాంటం యాంత్రికశాస్త్రపు ‘మరో రకం’ వ్యాఖ్యానాలను (ఆ సమీకరణాల వెనక అసలు ఏం జరుగుతోందన్నదానికి పాఠ్యపుస్తకం చెప్పని వివరణలను), వాటికీ విశ్వశాస్త్రానికీ ఉన్న సంబంధాన్ని ఎంచుకోవాలని ఉందని రాశావు. అది తత్త్వశాస్త్రమే గాని ఫిజిక్సు కాదని ఎవరో అన్నారని బాధపడ్డావు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పినవాడిగా నా మాట విను. ఆ అంశమే తీసుకో. కాకపోతే ఒక షరతు పెడుతున్నాను. ఏ వ్యాఖ్యానాన్నైనా ముందు ఒక చిన్న లెక్కలో నీ చేత్తో నడిపించు. ఆ తరువాతే దాన్ని విశ్వం దగ్గరికి తీసుకెళ్లు.

విశ్వం దాకా ఎందుకు వెళ్లాలంటే, ప్రయోగశాలలో ఈ వ్యాఖ్యానాలు చాలావరకు ఒకే జవాబు చెబుతాయి. పాఠ్యపుస్తకం ప్రకారం తరంగ ప్రమేయం, అంటే కణం ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్పే గణిత రూపం, ఒక సమీకరణాన్ని అనుసరించి సాగుతూ ఉంటుంది, కొలత జరిగినప్పుడు మాత్రం ఒక్క ఫలితంగా కుదించుకుపోతుంది. కొలిచే ఉపకరణం, చూసే మనిషి ఆ వ్యవస్థకు బయట ఉంటారు. పరమాణువు విషయంలో దీనితో చిక్కేమీ లేదు. మొత్తం విశ్వానికే తరంగ ప్రమేయం రాయాల్సివస్తే బయట నిలబడేది ఎవరు? హ్యూ ఎవరెట్ 1957లో అచ్చువేసిన వ్యాసం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. బయట ఏమీ లేని సంవృత విశ్వానికి మామూలు సూత్రీకరణ వర్తించదని ఆయన నేరుగా రాశాడు. కుదింపే జరగదు, ప్రతి ఫలితమూ తరంగ ప్రమేయంలో ఒక శాఖగా ఉంటుంది అన్నది ఆయన దారి. దాని నుంచి పుట్టిన బహుళ విశ్వాల కథలు చదివినవాళ్లలో చాలామందికి ఆయన మొదలుపెట్టింది విశ్వం ప్రశ్నతోనని తెలియదు. వింత కోసం వెతుకుతూ ఎవరెట్ అక్కడికి చేరలేదు. సాధారణ సాపేక్షతకు క్వాంటం రూపం ఇవ్వాలంటే ఆ దారి తప్పదని అనుకున్నాడు.

ఇప్పుడు నేను చెప్పిన చిన్న లెక్క. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఓపిక పట్టు.

ఒక నానోమీటరు వెడల్పున్న పెట్టెలో ఒక ఎలక్ట్రాను ఉందనుకో, అదీ కనిష్ఠ శక్తి స్థితిలో. రెండు గోడల దగ్గర సున్న, నడుమ ఎత్తుగా ఉండే సైన్ తరంగం దాని తరంగ ప్రమేయం. బి.ఎస్సీ.లో ఎన్నోసార్లు గీశావు. శక్తి సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులు. అదంతా గతిజ శక్తి అనుకుంటే వేగం సెకనుకు సుమారు 364 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు డేవిడ్ బోమ్ 1952లో అచ్చువేసిన పైలట్ తరంగ సిద్ధాంతాన్ని దీనికి వర్తింపజేయి. లూయీ డి బ్రోయీ 1927లో బ్రస్సెల్స్‌లో జరిగిన సాల్వే సమావేశంలో చెప్పి, ఆ తరువాత వదిలేసిన ఆలోచనే అది. అందులో కణానికి ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన చోటు ఉంటుంది, తరంగం దాన్ని నడిపిస్తుంది. తరంగపు దశ (తరంగ ప్రమేయం విలువ సంకీర్ణ సంఖ్య, దాని కోణమే దశ) స్థలాన్ని బట్టి ఎంత మారుతోందో దాని నుంచి వేగం వస్తుంది. మన సైన్ తరంగంలో దశ స్థలాన్ని బట్టి మారనే మారదు. కాబట్టి వేగం సున్న. 364 కిలోమీటర్లు ఎక్కడ, కదలకుండా నిలబడ్డ కణం ఎక్కడ!

ఐన్‌స్టీన్‌కు ఇది మింగుడుపడలేదు. మాక్స్ బోర్న్ గౌరవార్థం 1953లో వచ్చిన సంపుటిలో ఇలాంటి పెట్టె ఉదాహరణతోనే అభ్యంతరం చెప్పాడు. అదే సంపుటిలో బోమ్ జవాబిచ్చాడు. కణం వేగాన్ని కొలవాలంటే గోడలు తీసేయాలి కదా, తీసేసి చూడండి అన్నది ఆ జవాబు సారాంశం. గోడలు తీయగానే తరంగం విస్తరిస్తుంది, దశ మారడం మొదలవుతుంది, నిలబడ్డ కణం కదులుతుంది. చాలాసేపటి తరువాత వేగాల పంపిణీ పాఠ్యపుస్తకం చెప్పినదానితో సరిగ్గా సరిపోతుంది.

దీన్ని చదివి వదిలేయకు, చెయ్యి. నేను ఎప్పుడో ఒక వేసవి సెలవుల్లో గ్రాఫు కాగితం మీద పదకొండు చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్క ఎటు వెళుతుందో లెక్కగట్టి గీశాను. నడిమి చుక్క నుంచి గీత నిటారుగా పైకి పోయింది. ఎడమవైపువి ఎడమకు, కుడివైపువి కుడికి, విసనకర్ర విచ్చుకున్నట్టు వంగాయి. ఒక్కటి కూడా నడిమి గీతను దాటలేదు. అంతకుముందు రెండేళ్లు ఈ వ్యాఖ్యానాల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. అప్పుడు అర్థం కానిది ఆ కాగితం మీద అర్థమైంది. నీకు కంప్యూటర్ ఉంది, ఒక్క సాయంత్రం పని.

ఇప్పుడు విశ్వం దగ్గరికి పద. మొత్తం విశ్వపు తరంగ ప్రమేయానికి బ్రైస్ డివిట్ 1967లో అచ్చువేసిన వీలర్–డివిట్ సమీకరణంలో కాలం అనే చరరాశి కనబడదు. విశ్వపు పరిమాణం, అందులోని క్షేత్రాలు మాత్రమే ఉంటాయి. దానికి జేమ్స్ హార్టల్, స్టీఫెన్ హాకింగ్ కలిసి 1983లో ‘హద్దులు లేని’ విశ్వం అనే పరిష్కారం ప్రతిపాదించారు. ఆ తరంగ ప్రమేయం వాస్తవ సంఖ్యల్లో ఉంటుంది, మన పెట్టెలోని సైన్ తరంగంలాగే. బోమ్ సూత్రాన్ని నేరుగా దానికి పెడితే ఏమవుతుందో నీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. విశ్వం వ్యాకోచించదు, కదలక నిలిచిపోతుంది. పెట్టె విషయంలో గోడలు తీసేసి గట్టెక్కాం. ఇక్కడ తీయడానికి గోడలు లేవు, తీసేవాడూ లేడు.

అదే తరంగ ప్రమేయాన్ని ఎవరెట్ మార్గంలో చదివితే ఇంకోలా కనబడుతుంది. వాస్తవ సంఖ్యల కొసైన్‌ను రెండు సంకీర్ణ తరంగాల మొత్తంగా రాయవచ్చు కదా. ఒకటి వ్యాకోచించే శాఖ, రెండోది సంకోచించే శాఖ. అవి ఒకదాని జోలికి ఒకటి పోనంతవరకు, ఒక శాఖలోని వారికి విశ్వం మామూలుగా పెరుగుతూనే కనబడుతుంది. పైలట్ తరంగం పక్షాన ఉన్నవారు దీనికి బదులుగా సంకీర్ణ పరిష్కారాన్ని ఎంచుకోవాలంటారు. అలెగ్జాండర్ విలెంకిన్ ప్రతిపాదించిన ‘సొరంగ’ తరంగ ప్రమేయం అలాంటిది, దానితో విశ్వం కదులుతుంది. చూశావా? ఏది ఎంచుకున్నా ఫరక్ లేదని అందరూ అనే రెండు వ్యాఖ్యానాలు, విశ్వం ఎలా మొదలైందన్న ప్రశ్న దగ్గర వేర్వేరు షరతులు కోరుతున్నాయి. నీ ప్రాజెక్టుకు కేంద్రం ఇదే కావాలని నా అభిప్రాయం. ఇది ఫిజిక్సు కాదనేవారికి ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించు.

కుదింపు సిద్ధాంతాల సంగతి వేరు. అవి సమీకరణాన్నే మారుస్తాయి. గిరార్డి, రిమిని, వెబర్ 1986లో చెప్పినదాని ప్రకారం ఒక్కొక్క కణం తనంతట తాను ఒకచోట కుదించుకుంటుంది, సగటున 30 కోట్ల ఏళ్లకు ఒకసారి. ఒక గ్రాము పదార్థంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి సుమారు 6×10²³ ఉంటాయి. భాగించి చూడు, సెకనుకు కోట్ల సార్లు వస్తుంది. ఒంటరి ఎలక్ట్రాను తరంగంలా ఉండి, నీ కుర్చీ మాత్రం కుర్చీలా ఉండటానికి కారణం అదేనంటారు. విశ్వశాస్త్రానికి ఇది పనికొచ్చే చోటు ఒకటుంది. విశ్వపు తొలి దశ నుంచి మిగిలిన కాంతి అయిన విశ్వ నేపథ్య వికిరణపు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు. దిక్కును బట్టి అది లక్షలో ఒక వంతు మేర మారుతుంది. ఆ చిన్న తేడాలే తరువాత గెలాక్సీలయ్యాయి. అవి ఇన్‌ఫ్లేషన్ అనే, తొలి క్షణాల్లో విశ్వం అతివేగంగా ఉబ్బిన కాలపు క్వాంటం ఒడుదొడుకుల నుంచి వచ్చాయని చెప్పుకుంటాం. కానీ ఆ మొదటి స్థితి అన్ని చోట్లా, అన్ని దిక్కులా ఒకేలా ఉన్నది. చూసేవాడెవడూ లేని చోట ఆ సమరూపత ఎలా చెదిరింది? డేనియల్ సుదార్‌స్కీ, సహచరులు 2006 నుంచి ఈ ప్రశ్నను గట్టిగా అడుగుతున్నారు. కుదింపే దానికి జవాబు కావచ్చంటున్నారు. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థకు చెందిన తేజిందర్ సింగ్ కూడా ఈ కుదింపు సిద్ధాంతాల మీద పనిచేశారు. ఇక్కడ నాకు నచ్చేది ఏమిటంటే, వీటిని ప్రయోగంతో పట్టుకోవచ్చు. గురుత్వాకర్షణే కుదింపుకు కారణమన్న దియోషి–పెన్‌రోజ్ ఆలోచన తీసుకో. దాని అతి సరళమైన రూపం ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింద చేసిన వికిరణ పరీక్షలో నిలబడలేదు. ఆ ఫలితం 2020లో బయటికి వచ్చింది. తప్పని తేలగలిగిన ఆలోచనను గౌరవించు.

ఇంకో ముచ్చట. జాన్ క్రేమర్ 1986లో చెప్పిన ‘లావాదేవీ’ వ్యాఖ్యానానికి మూలం వీలర్, ఫైన్‌మన్ 1945లో రాసిన శోషక సిద్ధాంతం. బయలుదేరిన కాంతినంతా భవిష్యత్తులోని విశ్వం ఎక్కడో ఒకచోట శోషించుకోవాలన్నది దాని షరతు. అంటే విశ్వం ఎలా వ్యాకోచిస్తోందన్నది ముఖ్యమవుతుంది. ఫ్రెడ్ హాయిల్, మన జయంత్ నార్లీకర్ గారు 1960లలో ఈ లెక్క చేసి, స్థిర స్థితి విశ్వంలో (వ్యాకోచిస్తున్నా ఎప్పుడూ ఒకేలా ఉండే విశ్వంలో) షరతు నెరవేరుతుందని చూపారు. నార్లీకర్ గారు తరువాత పుణేలో అయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థను నిలబెట్టారు. ప్రాజెక్టులో ఇది ఒక పేజీకి మించనక్కరలేదు, కానీ వదిలేయకు.

జంట ఫోటాన్లను దూరదూరంగా కొలిచి, వాటి ఫలితాల మధ్య పొత్తును ముందే నిర్ణయమైన విలువలతో వివరించగలమా అని చూసే బెల్ పరీక్ష గురించి కూడా అడిగావు. 2018లో అచ్చయిన ఒక ప్రయోగం మాత్రం తప్పక చదువు. కానరీ దీవుల్లోని లా పాల్మాలో రెండు పెద్ద దూరదర్శినులను రెండు క్వేజార్ల (చాలా దూరాన ఎంతో ప్రకాశించే గెలాక్సీ కేంద్రాల) వైపు తిప్పారు. ఒకదాని కాంతి 780 కోట్ల ఏళ్ల కిందట, రెండోదాని కాంతి 1220 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరినవి. వచ్చిన ఫోటాను ఎరుపు వైపుదా నీలం వైపుదా అన్నదాన్ని బట్టి, ఏ కొలత చేయాలో అప్పటికప్పుడు నిర్ణయమయ్యేది. క్వాంటం సిద్ధాంతం చెప్పిన సహసంబంధమే వచ్చింది. ప్రయోగం సెట్టింగులను ముందే ఎవరో కుట్ర పన్ని నిర్ణయించారనేవాళ్లు ఇక ఆ కుట్రను కనీసం 780 కోట్ల ఏళ్ల వెనక్కి నెట్టుకోవాలి.

‘అసాధ్యమని నిరూపించారు’ అన్న మాట వినబడితే నిరూపణ తెప్పించుకుని చదువు. గుప్త చరరాశులు (బోమ్ కణానికున్న చోటులాగా, తరంగ ప్రమేయంలో లేని నిర్దిష్ట విలువలు) అసాధ్యమని వాన్ నాయ్‌మన్ 1932లో నిరూపించాడని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. ఆ నిరూపణలో ముందే తీసుకున్న ఊహ ఒకటి నిలవదని గ్రేటా హెర్మన్ 1935లోనే చెప్పింది, ఎవరూ పట్టించుకోలేదు. జాన్ బెల్ 1960లలో మళ్లీ చూపించాక గాని జనం కదలలేదు.

ఇదంతా మన ఉపనిషత్తుల్లో ఎప్పుడో ఉందని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లతో వాదం పెట్టుకోకు. ష్రోడింగర్ వేదాంతాన్ని ఎంతో ప్రేమతో చదివినవాడే. కానీ తన సమీకరణాన్ని హైడ్రోజన్ వర్ణపటంతో సరిచూశాడు. నీ ప్రాజెక్టులో కూడా వర్ణపటమే ఉండాలి.

వచ్చే వారం ఎవరెట్ 1957 వ్యాసం, బోమ్ 1952 వ్యాసాలు తెచ్చుకుని పెన్సిలు పట్టుకుని చదువు. వాటి గురించి ఇతరులు రాసినవి తరువాత చూడవచ్చు. గైడు దగ్గరికి వెళ్లేటప్పుడు ‘వ్యాఖ్యానాలు’ అన్న మాట శీర్షికలో పెట్టకు. ‘వాస్తవ, సంకీర్ణ తరంగ ప్రమేయాలతో విశ్వపు వ్యాకోచం’ అని పెట్టు, ఒప్పుకుంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు, నువ్వు చేసేది అదే.

ముందు పెట్టె లెక్క మొదలుపెట్టు. నడిమి గీత నిటారుగా రాకపోతే ప్రోగ్రాములో ఎక్కడో తప్పుందని అర్థం, గుర్తు తప్పు పడిందేమో చూసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ కాగితం తీసుకురా. నాది బీరువా పై అరలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య