హైజాక్ సిరీస్‌లో నిజమెంత?

ప్రశ్న: కాందహార్ హైజాక్ మీద వచ్చిన వెబ్ సిరీస్ ఇంటిల్లిపాదీ చూశాం. అంతా జరిగినట్టే తీశారని మా వారు, సగం కల్పితమని మా అబ్బాయి. హైజాకర్లకు భోళా, శంకర్ అని ఆ పేర్లేమిటండీ? మీరు ఎయిర్‌పోర్టులో పనిచేశారు కదా, తేల్చి చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: పేర్ల సంగతి ముందు చెప్పేస్తానమ్మా. అవి దర్శకుడు పెట్టినవి కావు. ఆ ఐదుగురూ విమానంలో చీఫ్, డాక్టర్, బర్గర్, భోళా, శంకర్ అని పిలుచుకున్నారని 2000 జనవరి 6న కేంద్ర హోంశాఖే చెప్పింది. 2024లో సిరీస్ వచ్చి, హిందూ పేర్లెందుకు పెట్టారని గొడవయ్యాక సిరీస్ మొదట్లోనే అసలు పేర్లు కూడా వేశారు. ఆ పనేదో ముందే చేసుంటే సరిపోయేది.

ఇక నిజమెంత అంటారా, తలుపులేసుకుని అధికారులు మాట్లాడుకునే డైలాగులు చాలావరకు రచయితవే అనుకోండి. గడియారం, ఇంధనం, రన్‌వే దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడండి. 1999 డిసెంబరు 24 సాయంత్రం ఖాట్మండూ నుంచి ఢిల్లీ రావాల్సిన ఆ విమానం అమృత్‌సర్‌లో దిగి దాదాపు ముప్పావుగంట నిలబడింది. ఇంధనం కావాలని కెప్టెన్ దేవీశరణ్ అడుగుతూనే ఉన్నారు. ట్యాంకర్ రావడం ఆలస్యమైంది. హైజాకర్లకు అనుమానమొచ్చి, ఇంధనం నింపుకోకుండానే విమానాన్ని పైకి లేపించారు. అక్కడి నుంచి లాహోర్, దుబాయ్ మీదుగా కాందహార్. ఒక ప్రయాణికుణ్ణి చంపేశారు, దుబాయ్‌లో కొందర్ని దించేశారు. మిగిలినవాళ్లు బయటపడింది డిసెంబరు 31న, మసూద్ అజహర్‌తో కలిపి ముగ్గురు తీవ్రవాదుల్ని మన ప్రభుత్వం వదిలేశాకే.

ఎయిర్‌పోర్టులో పనిచేసినవాడిగా నాకు తుపాకుల సీన్ల కంటే ఆ ట్యాంకర్ సీనే ఎక్కువ టెన్షన్. బండికి ఎవరు ఆర్డరివ్వాలి, ఎవరు ఆపమనాలి, ఆ మాట డ్రైవరు దాకా ఎలా చేరాలి? మన విశాఖలోనైతే రన్‌వే నేవీది, టెర్మినల్ మరో శాఖది. ఇన్ని చేతులు మారితే ముప్పావుగంట ఎటు పోతుందో నాకు బాగా తెలుసు.

అదే అమృత్‌సర్‌లో 1993 ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌జీ కమాండోలు హైజాకైన మరో విమానంలోకి దూరి నిమిషాల్లో పని ముగించారు. ప్రయాణికులంతా క్షేమం. మీ వారికీ అబ్బాయికీ మళ్లీ వాదన వస్తే, అప్పుడు కుదిరింది ఆరేళ్ల తర్వాత ఎందుకు కుదరలేదో వాదించుకోమనండి.

ప్రశ్న: మా వాడు మర్చంట్ నేవీలో ఉన్నాడు. ఇలాంటి సిరీస్‌లు చూస్తే రాత్రి నిద్ర పట్టట్లేదు. మానేయమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: రాత్రిపూట మాత్రం మానేయండక్కా. పగలు నేను చెప్పే ఈ సంగతి గుర్తుంచుకోండి. 2024 జనవరిలో సోమాలియా వైపు ఎంవీ లీలా నార్ఫోక్ అనే ఓడ మీదికి దొంగలొచ్చారు. 21 మంది సిబ్బందీ సిటడెల్‌లోకి, అంటే ఓడలో ఉండే గట్టి గదిలోకి వెళ్లి తలుపు బిగించుకున్నారు. వాళ్లలో 15 మంది మనవాళ్లే. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ చెన్నై వెళ్లింది, మార్కోస్ అనే నేవీ కమాండోలు ఓడెక్కి వెతికితే దొంగలెవరూ లేరు. అందరూ క్షేమంగా బయటికొచ్చారు. మన భీమిలిలోనూ ఆ మార్కోస్ వాళ్ల స్థావరం ఉంది, ఐఎన్‌ఎస్ కర్ణ.

తుపాకీ పేలలేదు కాబట్టి దీని మీద సిరీస్ తీయరు లెండి. మీ వాడు ఫోన్ చేసినప్పుడు వాళ్ల ఓడలో సిటడెల్ ఎక్కడుందో, డ్రిల్ ఎప్పుడు చేశారో అడగండి.