60 రోజుల గడువు, 15 రోజుల డబ్బు

ప్రశ్న: మేం షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాం. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, నా భార్యది దాని మీద వచ్చే హెచ్-4, ఆమెకి వర్క్ పర్మిట్ లేదు. పిల్లలకి 4, 2 ఏళ్లు. చలికాలం బయట ఆడించే వీలుండదని రెండు ఇండోర్ ప్లే సెంటర్లలో మెంబర్‌షిప్ తీసుకున్నాం, రెండూ కలిపి నెలకు 104 డాలర్లు. పెద్దాడి పుట్టినరోజు కూడా అక్కడే చేశాం, 1,400 అయింది. క్రెడిట్ కార్డు మీద 9,200 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. రిటైర్మెంట్ కోసం జీతంలోంచి దాచే 401(కె) ఖాతాలో 62,000 ఉన్నాయి. అందులోంచి 15,000 లోన్ తీసుకుని కార్డు బాకీ తీర్చేసి, రెండు సెంటర్లకీ ఏడాది ఫీజు ఒకేసారి కడదామనుకుంటున్నా. అలా కడితే రెండు నెలలు ఫ్రీ. మిగిలింది ఇండియాలో ప్లాట్ లోన్‌కి పంపుతాను. నా డబ్బే కదా, కట్టే వడ్డీ కూడా నా ఖాతాకే, అంటే నాకే వస్తుంది. లోన్ తీసుకోవచ్చా, లేక ప్లే సెంటర్లే మానేయాలా?

జవాబు: ప్లే సెంటర్ మానక్కర్లేదు. లోన్ మాత్రం వద్దు.

మీ ప్రశ్నలో ఒక అంకె లేదు. అడిగితే తర్వాత పంపారు: సేవింగ్స్ ఖాతాలో 2,800. నెల ఖర్చు 5,600. అంటే మీ చేతిలో ఉన్నది సరిగ్గా 15 రోజుల డబ్బు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, ఆఖరి పనిరోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులే ఇక్కడ ఉండే వీలు, దీన్నే గ్రేస్ పీరియడ్ అంటారు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే ముగిస్తే ఆ రోజులూ ఉండవు. ఈ లోపు కొత్త ఉద్యోగమో, స్టేటస్ మార్పుకి దరఖాస్తో, నలుగురికీ ఇంటికి టికెట్లో తేల్చుకోవాలి. 16వ రోజు నుంచి పాలప్యాకెట్టు కూడా కార్డు మీదే. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి: జీతం బాగుంటుంది, 401(కె) బాగుంటుంది, ఊళ్లో ప్లాటు ఉంటుంది, చేతిలో మాత్రం నగదు ఉండదు. అందుకే మీ ప్రశ్న ఎంచుకున్నాను.

ప్లాట్ ఉంది కదా అంటారు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసుకి అమెరికా గ్రేస్ పీరియడ్‌తో పనిలేదు. 60 రోజుల్లో ప్లాటు అమ్మి, డబ్బు చేతికి తెచ్చుకున్నవాళ్లని నేనింకా చూడలేదు. పైగా మీది అప్పు మీద ఉన్న ప్లాటు.

ఇక ‘నా డబ్బే, వడ్డీ కూడా నాకే’ అన్న మాట. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఉద్యోగం ఉన్నంతకాలం అది నిజంలాగే కనిపిస్తుంది, జీతంలోంచి కంతు కోసుకుంటారు కాబట్టి. ఉద్యోగం పోయాక కూడా కంతులు కట్టడానికి మీ ప్లాన్ ఒప్పుకోకపోతే, మిగిలిన బాకీని మీ 401(కె) సొమ్ములోంచే కోసుకుని లోన్ ఆఫ్‌సెట్ కింద తేల్చేస్తారు. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్ మధ్యలోగా, అంత సొమ్మూ తెచ్చి ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలో వేయాలి. లేదంటే అదంతా మీ ఆదాయం. 59 ఏళ్ల 6 నెలలు నిండలేదు కాబట్టి మామూలు పన్ను కాక 10 శాతం పెనాల్టీ. 14,000 మిగిలి ఉంటే పెనాల్టీయే 1,400. పుట్టినరోజు పార్టీకి అయినంత! అదీ ఎప్పుడు? జీతం ఆగిపోయిన ఏడాదే. వీసా మీద ఉన్నవాడు ఉద్యోగానికి ముడిపడ్డ అప్పు చేయడం కన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

ఏడాది ఫీజు ముందే కట్టే ఆలోచనా అలాంటిదే. రెండు నెలలు ఫ్రీ అని మీరనుకుంటారు, నిజానికి ఆ సెంటర్‌కి మీరు అప్పు ఇస్తున్నారు. అది మూతపడినా, మీరే ఊరు మారినా వెనక్కి వస్తుందన్న ధీమా లేదు. నెలనెలా కట్టండి, రెండింట్లో ఒకటే ఉంచండి. పూర్తిగా మానేయమని చెప్పను. షికాగో జనవరిలో ఇద్దరు పిల్లలతో రోజంతా నాలుగు గోడల మధ్య ఉండేది మీరు కాదు, మీ భార్య. నలుగురితో మాట్లాడే చోటు ఆమెకీ ఉండాలి.

మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. ఒక్క చలికాలంలో 11 సార్లు గ్రిప్ సాక్స్ (జారకుండా వేసుకునే మేజోళ్లు) కొన్నారు. పిల్లలకున్నది నాలుగు పాదాలే. ఒక సంచీలో వేసి కారు డిక్కీలో పడేయండి. 9,200 మీద 24 శాతం అంటే నెలకు 184 డాలర్ల వడ్డీ. ఆటలకి 104, ఆడి వచ్చిన అప్పుకి 184.

ఇంకో సంగతి. ట్రాంపొలిన్ ఉన్న సెంటర్లో ప్రతిసారీ వేవర్ (సెంటర్‌ది బాధ్యత కాదని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెడతారు కదా, దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు మీదేనని అర్థం. ఆరేళ్ల లోపు పిల్లలకి ట్రాంపొలిన్ వద్దని అమెరికా ఎముకల డాక్టర్ల అకాడమీయే చెబుతోంది, మీవాడికి నాలుగు. మీ హెల్త్ ప్లాన్ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టే ముందు మీరు పెట్టుకోవాల్సిన ఖర్చు) 4,000, సేవింగ్స్ 2,800. పిల్లాడి చెయ్యి విరిగినా మీకు అప్పే గతి. ఉద్యోగం పోతే ఈ ఇన్సూరెన్సూ పోతుంది. కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకోవచ్చు గానీ, కంపెనీ వాటాతో సహా ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. ఎమర్జెన్సీ ఫండ్ లెక్కలో దాన్నీ కలపండి.

చేయాల్సింది ఇది. మీరు 1,30,000 జీతంలో 10 శాతం 401(కె)కి వేస్తున్నారు, కంపెనీ తన వంతు కలిపేది (మ్యాచ్) 4 శాతానికే. మిగతా 6 శాతం ఏడాదిపాటు ఆపండి, పన్ను పోను నెలకు 500 పైనే చేతికొస్తుంది. దీనికి ఈసారి వచ్చే ట్యాక్స్ రిఫండ్ మొత్తం కలపండి. కార్డుకి మినిమమ్ కడుతూ ముందు సేవింగ్స్‌ని 5,600కి తీసుకురండి. ముందు కార్డు తీర్చమనడమే మామూలు సలహా, వడ్డీ లెక్క చూస్తే అదే సరి కూడా. కానీ లిమిట్ తగ్గించే హక్కు బ్యాంకుకి ఉంది, కార్డుతో ఇంటద్దె కట్టనివ్వని ఓనర్లూ ఉంటారు. ఆ నెల ఖర్చు జమయ్యాక ప్రతి డాలరూ కార్డుకే. అది తీరాక రెండు నెలల ఖర్చు 11,200 జమ చేయండి, దాని మీద నలుగురి వన్ వే టికెట్లు, లీజ్ మధ్యలో వదిలితే పడే పెనాల్టీ. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు. ప్లాట్ మీద ముందస్తు చెల్లింపులు అప్పటిదాకా ఆపండి, కట్టాల్సిన కంతు మాత్రం జీతంలోంచే కట్టండి.

లైబ్రరీలో స్టోరీ టైమ్ ఉచితం, దానికీ వెళ్లండి. డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏలో (పిల్లల సంరక్షణ ఖర్చుకి పన్ను లేకుండా జీతంలోంచి దాచే ఖాతా) ప్లే సెంటర్ ఫీజు పెట్టొచ్చా అనీ అడిగారు. మీ భార్యకి ఉద్యోగం లేదు కాబట్టి కుదరదు.

సేవింగ్స్ 5,600 దాటిన రోజు మళ్లీ రాయండి, కార్డు సంగతి అప్పుడు చూద్దాం. అందాకా 401(కె) వెబ్‌సైట్‌లో ఆ లోన్ బటన్ జోలికి పోకండి.