మా అమ్మాయి అమెరికా కాలేజీలో సర్వీస్ ఫ్రెటర్నిటీలో చేరతానంటోంది, ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ అమ్మాయి అమెరికాలో డిగ్రీ మొదటి ఏడాదిలో ఉంది, ఆల్ఫా ఫై ఒమేగా అనే విద్యార్థుల సేవా సంఘంలో చేరతానంటోంది, ఫ్రెటర్నిటీ అనగానే మీకు తాగుడు, ర్యాగింగ్ గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. పైగా సేవా సంస్థ అని చెప్పి తను పంపుతున్న ఫొటోల్లో ఎప్పుడు చూసినా ఆటలే కనిపిస్తున్నాయి, ఇది చదువు పాడుచేసే వ్యవహారమేమో అని మీ అనుమానం.

నేను ఇంటర్ అయ్యాక విస్కాన్సిన్ వైపు ఒక యూనివర్సిటీలో చదివాను, అక్కడ ఇదే సంస్థ చాప్టర్‌లో, అంటే ఆ కాలేజీ శాఖలో చేరి, ఒకసారి ఆటలూ కలయికలూ చూసే ఫెలోషిప్ వైస్ ప్రెసిడెంట్‌గా, ఆ తర్వాత సేవా కార్యక్రమాలు చూసే సర్వీస్ వైస్ ప్రెసిడెంట్‌గా చేశాను. కాబట్టి ఒక్క ముక్కలో జవాబు: చేరనివ్వండి. ఆ ఆటల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా అనుభవంలో ఆ ఆటలు లేకపోతే ఆ సేవ నెల రోజులు కూడా నడవదు.

ముందు మీ భయం సంగతి. గ్రీకు అక్షరాల పేర్లున్నవన్నీ ఒకటే బాపతు కాదండీ. మీరు సినిమాల్లో చూసేవి సోషల్ ఫ్రెటర్నిటీలు. వాటిలో చాలావాటికి సొంత ఇళ్ళుంటాయి, సభ్యులు అందులోనే కాపురం, అబ్బాయిలకి వేరు, అమ్మాయిలకి వేరు. ఆల్ఫా ఫై ఒమేగాకి ఇల్లూ లేదు, వాకిలీ లేదు. సాయంత్రం ఏ క్లాస్‌రూమ్ ఖాళీగా ఉంటే అక్కడే మీటింగ్, అబ్బాయిలూ అమ్మాయిలూ అందరూ కలిసే. 1925 డిసెంబర్ 16న పెన్సిల్వేనియాలోని ఈస్టన్ అనే ఊళ్ళో, లఫయెట్ కాలేజీలో, ఫ్రాంక్ రీడ్ హార్టన్ అనే విద్యార్థి ఇంకొందరిని కూడగట్టి దీన్ని మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేవీలో పనిచేసి వచ్చినవాడు. స్కౌట్ ప్రమాణం, స్కౌట్ నియమాలు చూసి, ఇవి కాలేజీ వయసు వాళ్ళకీ ఎందుకు పనికిరావు అనుకున్నాడు. మొదట్లో స్కౌట్లుగా ఉన్నవాళ్ళనే తీసుకునేవారు, తర్వాత ఆ షరతు ఎత్తేశారు, 1976లో అమ్మాయిలకీ పూర్తి సభ్యత్వం ఇచ్చారు. అయినా ఇప్పటికీ అందరినీ బ్రదర్ అనే అంటారు, మీ అమ్మాయి కూడా ఇకమీదట బ్రదరే. నాయకత్వం, స్నేహం, సేవ అని మూడు సూత్రాలు చెబుతారు. అన్నట్టు, అక్కడ ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి కాన్సాస్ సిటీ చీఫ్స్ తెలుసు కదా, ఆ ‘చీఫ్’ ఎవరో కాదు, 1931 నుంచి 1946 దాకా ఈ సంస్థకి జాతీయ అధ్యక్షుడిగా ఉన్న రో బార్టల్. తర్వాత ఆయన ఆ ఊరికి మేయర్ అయ్యి, డాలస్ నుంచి ఆ టీమ్‌ని రప్పిస్తే, 1963లో ఆయన ముద్దుపేరే దానికి పెట్టారు.

మీకు తేలిగ్గా అర్థం కావాలంటే మన ఎన్‌ఎస్‌ఎస్‌ని గుర్తు తెచ్చుకోండి. గాంధీగారి శతజయంతి ఏడాది 1969లో మొదలైంది, రెండేళ్ళలో 240 గంటలు సేవ, ఊళ్ళో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు, మీ తరంలో చాలామంది చేసే ఉంటారు. తేడా ఎక్కడంటే, ఎన్‌ఎస్‌ఎస్‌లో ప్రోగ్రామ్ ఆఫీసర్‌గా ఒక లెక్చరర్ ఉంటారు, ఏ ఊరు వెళ్ళాలి, బస్సు ఎవరు మాట్లాడాలి, భోజనాలు ఎక్కడ, చాలావరకు ఆయనో ఆవిడో చూసుకుంటారు. ఇక్కడ సలహాదారులుగా పెద్దవాళ్ళు ఉంటారు గానీ పని మొత్తం ఇరవై ఏళ్ళ పిల్లల మీదే. డబ్బులు, కార్లు, ఫుడ్ బ్యాంకుకి ఫోన్లు, వాన పడితే ఏం చేయాలి, అన్నీ వాళ్ళే. నాయకత్వం అని వాళ్ళు గొప్పగా చెప్పుకునేది చాలావరకు ఇదే.

ఇక ఆటలు. మా చాప్టర్‌లో శుక్రవారం రాత్రి సార్డీన్స్ ఆడేవాళ్ళం. మామూలు దాగుడుమూతలకి ఇది తిరగేసిన ఆట. ఒక్కడు దాక్కుంటాడు, మిగతావాళ్ళంతా వెతుకుతారు, దొరికిన ప్రతివాడూ కిక్కురుమనకుండా వాడి పక్కనే దూరిపోవాలి. చివరికి ఒక్కళ్ళు మిగిలేసరికి కెమిస్ట్రీ బిల్డింగ్ మెట్ల కింద అరలో పదిహేను మంది నవ్వాపుకోలేక చస్తుంటారు. వారాల తరబడి నడిచేది ఇంకోటుంది, బట్టల క్లిప్పు ఆట. నీకు చీటీలో ఒక పేరొస్తుంది, ఆ మనిషికి తెలియకుండా చొక్కాకి క్లిప్పు తగిలించాలి, తగిలిస్తే వాళ్ళు అవుట్, వాళ్ళ చీటీ నీకొస్తుంది. క్లాసుల్లోనూ, సేవ చేసేచోటా ఆడకూడదని రూలు. చలికాలంలో బ్రూమ్‌బాల్: మంచు గడ్డ మీద, స్కేట్లు లేకుండా మామూలు బూట్లతో, చీపురులాంటి కర్రతో బంతిని కొట్టాలి. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి మంచు మీద నిలబడటమే ఒక విద్య, ఇక పరిగెత్తడం సంగతి మీరే ఊహించుకోండి. ఎంత పొడుగున్నా, ఎంత బలమున్నా అక్కడ అందరూ సమానంగా పడతారు, అందుకే కొత్తవాళ్ళతో మొదట ఆ ఆటే పెట్టేవాళ్ళం.

వసంతంలో ఒక స్కౌట్ క్యాంపుకి వెళ్ళేవాళ్ళం. పగలంతా పని: మంచు బరువుకి విరిగిన కొమ్మలు దారి మీంచి ఈడ్చడం, పడవలకి రంగులేయడం, ఎండాకాలం పిల్లలొచ్చేలోపు గుడారాల కింది చెక్క ప్లాట్‌ఫారాలు బాగుచేయడం. చీకటి పడ్డాక అదే అడవిలో క్యాప్చర్ ది ఫ్లాగ్. రెండు జట్లు, అవతలివాళ్ళ జెండా ఎత్తుకొచ్చినవాళ్ళు గెలిచినట్టు, జెండా దగ్గర మెరిసే ప్లాస్టిక్ పుల్ల (గ్లో స్టిక్) ఒకటి తప్ప వెలుతురే లేదు. పగలు నోరు మెదపని ఒక అమ్మాయి, ఆ రాత్రి చెట్టు వెనక నుంచి నువ్వటు, నువ్విటు అని మా అందర్నీ పురమాయించింది. మర్నాడు ఎవరో అన్నారు, ఈ పిల్లని ఎలక్షన్‌లో నిలబెడదామని. మా ఆఫీసర్లలో చాలామంది ఇలా దొరికినవాళ్ళే, రెజ్యూమె చూసి ఎంచుకున్నవాళ్ళు తక్కువ.

చుట్టుపక్కల చాప్టర్లన్నీ కలిసే సెక్షనల్ కాన్ఫరెన్స్ ఇంకో సాహసం. ఒకళ్ళ బ్యానర్ ఇంకొకళ్ళు కొట్టేయడం మా సెక్షన్‌లో ఒక సరదా. బ్యానర్ తిరిగి కావాలంటే అవతలివాళ్ళు చెప్పింది చేయాలి. ఒకసారి మాది పోయింది. ఏదైనా డాన్స్ హాలు మొత్తానికీ నేర్పితే ఇస్తామన్నారు. మావాళ్ళంతా నావైపు చూశారు. డప్పు లేదు కాబట్టి భోజనాల బల్ల వాయిస్తూ తీన్మార్ స్టెప్పులు నేర్పాను. హాలు హాలంతా ఊగిపోయింది. బ్యానర్ ఇచ్చేశారు, ఆ తర్వాత ఏ కాన్ఫరెన్స్‌కి వెళ్ళినా నన్ను వదల్లేదనుకోండి.

ఇవన్నీ చెప్పి సేవ ఎక్కడ అంటారేమో. శనివారం పొద్దున ఏడింటికి, బయట మైనస్ డిగ్రీల్లో, పార్కింగ్ లాట్‌లో ఉంటుంది. సర్వీస్ వైస్ ప్రెసిడెంట్ అసలు తలనొప్పి అదే. సైనప్ షీటు మంగళవారానికల్లా నిండిపోతుంది, శనివారం పొద్దున సగం మంది ఫోనెత్తరు. జీతం లేదు, మార్కులు లేవు, రాకపోతే నువ్వు చేయగలిగిందీ పెద్దగా లేదు. కాస్త గట్టిగా అరిస్తే వచ్చే వారం ఆ ఉన్న సగం కూడా రారు. అయితే నేనొకటి గమనించాను. ముందు రాత్రి మెట్ల కింద అరలో ఇరుక్కున్నవాళ్ళు పొద్దున వచ్చేవాళ్ళు. పేదలకి సాయం చేద్దామని వచ్చేవాళ్ళ కంటే, కార్లో ముందు సీటు కోసం నిన్నటి గొడవ కొనసాగించడానికి వచ్చేవాళ్ళే నమ్మకస్తులు. వినడానికి బాగోదు, కానీ నిజం. అందుకే ఆ పదవిలోకి వచ్చాక నేను చేసిన మొదటి పని, ఫెలోషిప్ వాళ్ళతో కూర్చుని పెద్ద ఆటలన్నీ శుక్రవారానికి, పెద్ద ప్రాజెక్టులన్నీ శనివారానికి మార్పించడం.

ఫుడ్ బ్యాంకులో పని ఎలా ఉంటుందో చెబుతాను. విరాళంగా వచ్చిన డబ్బాలు పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో ఉంటాయి, ఒక్కోటి చేతిలోకి తీసుకుని తిప్పి చూడాలి. పక్కన సొట్ట ఉంటే పర్లేదు, అతుకు మీద సొట్ట ఉంటే పారేయాలి. మూత ఉబ్బితే ఆలోచించకుండా పారేయాలి, లేబుల్ ఊడిపోయిందంటే లోపలేముందో తెలియదు కాబట్టి అదీ అంతే. గంట గడిచేసరికి వేళ్ళకే తెలిసిపోతుంది. చేతులు పనిలో ఉంటే నోళ్ళు ఖాళీ, ఆ రెండు మూడు గంటల్లో విన్న కబుర్లు, ఇళ్ళ గొడవలు, కెరీర్ భయాలు ఇంకెక్కడా వినలేదు.

ఇంకోటి పైన్‌వుడ్ డెర్బీ. కబ్ స్కౌట్ పిల్లలు చెక్కతో చిన్న కార్లు చెక్కి, వాలు ట్రాక్ మీద పందెం వేస్తారు. 1953 నుంచీ నడుస్తోంది. కారు బరువు 5 ఔన్సులు దాటకూడదు, అంటే దాదాపు 142 గ్రాములు. మేము తూకం బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. కారు పిల్లాడిదే, పోటీ మాత్రం నాన్నలది. ఒకాయన కారు తూకంలో కాస్త ఎక్కువ తూగింది. మా ఇంట్లో సరిగ్గానే ఉంది, మీ త్రాసే తప్పు అని గొంతు పెంచాడు. బల్ల దగ్గర ఉన్నది ఆ అడవిలో పురమాయించిన పిల్లే. వాదించలేదు, లొంగలేదు. “ఈ త్రాసు తప్పైతే అందరికీ తప్పేనండి, అదిగో డ్రిల్లు అక్కడుంది, లైన్లో మీ చోటు నేను పట్టి ఉంచుతాను” అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళి, అడుగున కాస్త చెక్క తొలిచి తెచ్చాడు. ఈసారి సరిపోయింది. కొడుకు మొహం చూడాలి! పబ్లిక్ స్పీకింగ్ కోర్సులో ఇది నేర్పరు.

పదవుల సంగతి. కొత్తగా చేరినవాళ్ళని ప్లెడ్జ్‌లు అంటారు, మా దగ్గర ఆ బ్యాచ్‌కి కూడా సొంత ప్రెసిడెంట్, సొంత కోశాధికారి ఉండేవాళ్ళు, సభ్యులయ్యేలోపు ఒక సేవా కార్యక్రమం వాళ్ళంతట వాళ్ళే చేసి చూపించాలి. సీనియర్లలో ఒకరు బిగ్‌గా ఉంటారు, మన ఇళ్ళల్లో అక్కలా అనుకోండి, పరీక్షల టైమ్‌లో తిన్నావా లేదా అని కనుక్కోవడం దగ్గర్నుంచి. ఎలక్షన్లు మాత్రం మహా సాగదీత. నిలబడ్డవాళ్ళు మాట్లాడాక బయటికి పంపేసి, లోపల వాళ్ళ గురించి చర్చ, మళ్ళీ ఓట్లు. అర్ధరాత్రి దాటడం మామూలే. మీ అమ్మాయి నా మాట వింటే గనక, ముందే ప్రెసిడెంట్‌కి పోవద్దని చెప్పండి. ప్రెసిడెంట్‌కి మీటింగులు, మెయిళ్ళు, యూనివర్సిటీ ఆఫీసులతో కాగితాలు తప్ప ఏమీ మిగలదు. ఫెలోషిప్ పదవి అంటే అందరూ చిన్నచూపు చూస్తారు, పిజ్జా ఆర్డర్ చేసే ఉద్యోగం అంటారు. కానీ ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరు మూలన కూర్చుంటున్నారు అన్నది అక్కడున్నవాళ్ళకే ముందు తెలుస్తుంది. అది తెలిశాక సర్వీస్ పదవి తీసుకుంటే మనుషుల్ని ఎలా పిలవాలో తెలుస్తుంది.

ర్యాగింగ్ గురించి. మన దగ్గర 1997లో చట్టమొచ్చింది, అక్కడ దాన్ని హేజింగ్ అంటారు, చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి, ఈ సంస్థ నియమాల్లో కూడా పూర్తిగా నిషేధం. అయినా కాగితం మీది మాట ఒకటి, మనుషులు ఒకటి కాబట్టి మీ అమ్మాయికి ఇది చెప్పండి: ప్లెడ్జ్‌లతో చేయించేది సీనియర్లు కూడా పక్కన నిలబడి చేస్తున్నారా అన్నది చూడమనండి. చేస్తుంటే ఆట. వాళ్ళు కూర్చుని చూస్తుంటే, లేదా ఇంట్లో చెప్పొద్దు అంటుంటే, ఆ పూటే లేచి వచ్చేయమనండి, డీన్ ఆఫీసు ఉంది.

ఖర్చు ఉంటుంది. చేరేటప్పుడు జాతీయ సంస్థకి కొంత, చాప్టర్‌కి చందా కొంత, చాప్టర్‌ని బట్టి మారుతుంది, ముందే అడిగి తెలుసుకోమనండి. కట్టలేనివాళ్ళకి వాయిదాలు ఇచ్చే కోశాధికారులని నేను చూశాను, కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు. చదువు విషయానికొస్తే, మిడ్‌టర్మ్‌ల వారం ఏ పదవి ఒప్పుకోకపోతే చాలు. నాకు తెలిసి మార్కులు పోయినవాళ్ళంతా సేవ వల్ల కాదు, క్లిప్పు ఆట మరీ సీరియస్‌గా తీసుకోవడం వల్ల.

సంతకం పెట్టకముందే ఒక శనివారం ప్రాజెక్టుకి వెళ్ళిరమ్మనండి, మా చాప్టర్ బయటివాళ్ళని సంతోషంగా రానిచ్చేది, అక్కడా అడిగితే కాదనకపోవచ్చు. కార్లో వెళ్ళేటప్పుడు కాకుండా, పని అయ్యాక తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు ఒకళ్ళ గురించి ఒకళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో వినమనండి. బ్రూమ్‌బాల్‌కి పిలిస్తే మాత్రం మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకోమనండి, అవి చాప్టర్ వాళ్ళు ఇవ్వరు.