ప్రెస్ సంగతి తర్వాత, ముందు లైసెన్సు మీద తేదీ చూడండి

ప్రశ్న: టెక్సస్‌లో హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియని బెంగలో నాకున్న ఊరట ఆదివారం షూటింగ్ రేంజ్ ఒక్కటే. గత జూలైలో హంటింగ్ లైసెన్సు తీసుకుని, అది చూపించి 9 ఎంఎం పిస్టల్ కొన్నాను. తూటాల ఖర్చు తట్టుకోలేక ఇంట్లోనే రీలోడింగ్ (పేలిన తూటాల ఖాళీ తొడుగుల్ని మళ్లీ నింపుకోవడం) చేద్దామని నవంబరులో ప్రైమర్లు (మందును రగిలించే చిన్న మూతలు), పౌడరు కొని గరాజ్‌లో పెట్టాను. ఇక తూటాలు బిగించే యంత్రం, అదే ప్రెస్, కొనాలి. ఒక్కో పని విడిగా చేసే ఆర్‌సీబీఎస్ సింగిల్ స్టేజ్ మేలా, అన్నీ వరసగా చకచకా చేసే డిల్లన్ ప్రోగ్రెసివ్ మేలా? ముగ్గురు మిత్రులు తమకూ చేసిపెడితే డబ్బిస్తామంటున్నారు. ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ప్రెస్ వెంట తెచ్చుకోవచ్చా? మా ఆవిడ ఇదంతా వద్దంటోంది. ఆమెకు కాస్త ధైర్యం చెప్పండి.

జవాబు: ధైర్యం చెప్పను. ఆవిడ భయంలో న్యాయం ఉంది.

రెండు ప్రెస్‌ల గుణగణాలు ఇంత ఓపికగా ఆరా తీసిన మీరు, జేబులో ఉన్న లైసెన్సు మీద గడువు చదవలేదు. టెక్సస్‌లో ఏడాది హంటింగ్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో సరి. కొన్న రోజు నుంచి పన్నెండు నెలలు లెక్కేసుకోవడం మీ పొరపాటు. జూలైలో తీసుకున్నది రెండు నెలలైనా నిండకుండానే చెల్లిపోయింది.

మీ కేసంతా ఈ తేదీ మీదే నిలబడుతుంది. హెచ్-1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ అమ్యునిషన్ (తూటాలు, మందుగుండు) గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం 18వ టైటిల్, 922(జి)(5)(బి) చెబుతుంది. మీలాంటివాళ్లకు మినహాయింపు ఇచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. అది పోయిన మరునాటి నుంచి మీ పిస్టల్ నేరవస్తువే. ‘తూటాలు ఇంకా తయారు చేయలేదు కదా’ అనకండి. అమ్యునిషన్ నిర్వచనంలో ప్రైమరు, పౌడరు, బుల్లెట్టు (తూటా కొసన ఉండే గుండు), ఖాళీ కేసు (తూటా తొడుగు) దేనికదే విడిగా ఉంది. మీరు ఇంకా కొనని ప్రెస్సొక్కటే అందులో లేదు!

శిక్ష 15 ఏళ్ల దాకా పడవచ్చు. అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి: ఈ సెక్షన్ కింద శిక్షపడితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని ‘అగ్రవేటెడ్ ఫెలనీ’గా, అంటే దేశం నుంచి పంపించేయదగ్గ తీవ్ర నేరంగా లెక్కిస్తుంది. గ్రీన్‌కార్డు ఆలస్యం గురించి బెంగపడే పని అప్పుడిక ఉండదు. 2019లో రెహాయిఫ్ కేసులో సుప్రీంకోర్టు, నిందితుడికి తన వీసా హోదా తెలుసని ప్రభుత్వమే రుజువు చేయాలంది. దాన్ని నమ్ముకోకండి. హెచ్-1బి ఆమోదపత్రం, జీతం చీటీలు మీ దగ్గరే ఉండగా హోదా తెలియదని ఎవరు నమ్ముతారు? పిస్టల్ కొన్నప్పుడు మీరు సంతకం చేసిన 4473 ఫారం షాపులో ఉంటుంది. దానితో లైసెన్సు ప్రతి కూడా ఉంటుంది, దాని మీద గడువూ ఉంటుంది. నవంబరులో కార్డు గీకి ఉంటే ఆ బిల్లొకటి.

కేసు పెట్టడానికి కాలపరిమితి ఐదేళ్లు. కానీ దగ్గర ఉంచుకోవడం ఏ రోజుకారోజు సాగే నేరం, సామాను చేయి దాటాకే గడియారం మొదలవుతుంది. గరాజ్‌లో ఉన్నంతకాలం ఒక్క రోజు కూడా గడిచినట్టు కాదు.

మీ మిత్రుల్లో ఎవరో ఒకరు ఈపాటికి సలహా ఇచ్చే ఉంటారు: ఆగస్టులోనే తనకు అమ్మేసినట్టు పాత తేదీతో కాగితం రాసేద్దామని. ఆ పని చేశారో, మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. ఫెడరల్ దర్యాప్తును తప్పుదోవ పట్టించే కాగితం పుట్టించినా, ఉన్నది మాయం చేసినా 20 ఏళ్ల దాకా జైలు. వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయడం కూడా ఆ కోవలోదే. మీ ఆవిడ హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంటే ఆవిడకూ అదే నిషేధం, ఆవిడ పేరు మీద పెట్టడం కుదరదు.

చేయాల్సింది ఇది. ఈ రోజే మీ ఊళ్లో ఒక క్రిమినల్ డిఫెన్స్ లాయరును పట్టుకోండి. పిస్టల్, ప్రైమర్లు, పౌడరు ఆయన ద్వారా లైసెన్సున్న డీలరుకు అప్పగించి, అసలు తేదీతో రసీదు తీసుకోండి. మీ ఇమిగ్రేషన్ లాయరుకూ చెప్పండి. ఇంకెవరికీ వద్దు. కొత్త హంటింగ్ లైసెన్సు చేతికొచ్చాకే మళ్లీ వాటిని ముట్టుకోండి. అది పాత తప్పును కడగదు, ఆ రోజు నుంచే పనికొస్తుంది.

అప్పుడు ప్రెస్. సింగిల్ స్టేజ్ చాలు. ఒకడి ఆదివారానికి సరిపడా తూటాలు దానిమీద తీరిగ్గా చేసుకోవచ్చు. ప్రోగ్రెసివ్ నేరం కాదు గానీ, దాని వేగం చూశాక మిత్రుల డబ్బు మాట మళ్లీ వస్తుంది. సొంతానికి చేసుకుంటే తయారీ లైసెన్సు అక్కర్లేదు. డబ్బు తీసుకుని చేసిపెడుతుంటే అది తయారీ వ్యాపారం, దానికి ఫెడరల్ లైసెన్సు కావాలి. పైగా హెచ్-1బి మీద మీకు పక్క సంపాదన ఎక్కడిది? పౌడరు అసలు డబ్బాల్లోనే, ఇంట్లో 20 పౌండ్లకు మించకుండా ఉంచండి. అద్దె ఇల్లయితే ముందు లీజు చదవండి.

ఇండియాకు తేవద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2(1)(బి) ప్రకారం తూటాలు తయారుచేసే యంత్రం కూడా ‘అమ్యునిషన్’ కిందికే వస్తుంది. సామాన్ల జాబితాలో ‘డ్రిల్లింగ్ మిషన్’ అని రాసి పంపితే లైసెన్సు లేని దిగుమతికి తోడు కస్టమ్స్‌లో తప్పుడు ప్రకటన కూడా అవుతుంది. ఇక్కడ లైసెన్సు లేకుండా తయారీకి దిగితే 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా. బయలుదేరే ముందు అక్కడే అమ్మేసి, రసీదు దాచుకోండి.