హెచ్‌డీఎంఐ సీపీయూకి పాత వీజీఏ మానిటర్: కడపలో నేను రెండుసార్లు కొన్న కన్వర్టర్ కథ

కొత్త సీపీయూ వెనకాల బొమ్మ కోసం హెచ్‌డీఎంఐ పోర్టు మాత్రమే ఉంది, ఇంట్లో ఉన్న మానిటరేమో పాత వీజీఏది, 500 లోపల ఏ కన్వర్టర్ కొంటే బొమ్మ వస్తుంది అని అడిగారు. రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే గొడవ. మా మేనల్లుడి డిగ్రీ చదువు కోసం సీపీయూ కొన్నాం. పద్దెనిమిదిన్నర అంగుళాల పాత మానిటర్ శుభ్రంగా పనిచేస్తుంటే పారేయబుద్ధి కాలేదు.

ముందు నేను ఎక్కడ బోల్తా పడ్డానో చెప్తాను. ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక చిన్న షాపులో అడిగితే ఒక కొసకి హెచ్‌డీఎంఐ, ఇంకో కొసకి వీజీఏ ప్లగ్గు ఉన్న కేబుల్ చేతిలో పెట్టాడు. 150 రూపాయలు. "పెడితే వచ్చేస్తాది అన్నా" అన్నాడు. రాలేదు. తెర మీద "నో సిగ్నల్" అని ఒక చిన్న పెట్టె అటూ ఇటూ తిరుగుతూ ఉండేది, అంతే. మర్నాడు తిరిగి తీసుకెళ్తే, "మీ మానిటరే పోయినట్టుండాది, కొత్తది తీసుకోండన్నా" అని 5,000 రూపాయల మానిటర్ చూపించాడు!

మానిటర్‌కి ఏమీ కాలేదు. హెచ్‌డీఎంఐలో వచ్చేది డిజిటల్ సిగ్నల్, వీజీఏకి కావాల్సింది అనలాగ్. ఉత్త వైర్లు కలిపినంత మాత్రాన ఒకటి ఇంకోటిగా మారదు, మధ్యలో మార్చే చిప్ ఉండాలి. నేను కొన్నదాంట్లో అది లేదు. కొన్ని కేబుళ్లలో ప్లగ్గు లోపలే చిప్ పెడతారు కానీ, బయట నుంచి చూసి చెప్పడం కష్టం. అందుకే కేబుల్ జోలికి పోకుండా, అగ్గిపెట్టె అంత ఉండే కన్వర్టర్ అడగండి. దానికి మీ పాత వీజీఏ కేబుల్ తగిలించుకోవచ్చు.

అడిగేటప్పుడు "హెచ్‌డీఎంఐ టు వీజీఏ" అని ఆ వరసలోనే అడగండి. ముందు చెప్పేది సీపీయూ వైపు, తర్వాతది మానిటర్ వైపు. "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అని దీని కవల ఒకటుంది, అది పాత సీపీయూని కొత్త టీవీకి కలపడానికి. తిరగేసి పెడితే పనిచేయదు. కరెంటు కోసం దానికి యూఎస్‌బీ తోక కూడా ఉంటుంది. మీకు కావాల్సినది మామూలుగా హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వచ్చే 5 వోల్టులతోనే నడిచిపోతుంది.

నేను రెండోసారి కోటిరెడ్డి సర్కిల్ వైపు ఇంకో షాపులో 350 పెట్టి తీసుకున్నాను. ఈసారి బుద్ధొచ్చి, అక్కడే వాళ్ల మానిటర్‌కి పెట్టి చూపించమన్నాను. బొమ్మ వచ్చాకే డబ్బులిచ్చాను. సొంత బ్రాండ్ పేరు కూడా లేని సరుకు అది, అయినా ఇప్పటికీ నడుస్తోంది. ఆన్‌లైన్‌లో వెయ్యి పెట్టి కొనాల్సిన పని నాకైతే కనిపించలేదు.

ఇంటికొచ్చి పెడితే బొమ్మ వచ్చింది, కానీ తెరంతా పసుపు నీళ్లు చల్లినట్టుంది. కన్వర్టర్ కూడా దెబ్బేసిందనుకుని టెన్షన్ పడ్డాను. తీరా వీజీఏ కేబుల్ ప్లగ్గు లైటు కింద పెట్టి చూస్తే, పై వరసలో మూడో పిన్ను పక్కకి పడుకుని ఉంది. పై వరసలో మొదటి మూడు పిన్నులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులవి. నీలం అందకపోతే తెలుపంతా పసుపుగా కనబడుతుంది. ఖాళీ రీఫిల్ గొట్టం ఆ పిన్నుకి తొడిగి మెల్లగా నిలబెట్టాను. రంగులు వచ్చేశాయి. మధ్య వరసలో ఒక పిన్ను లేకపోతే మాత్రం కంగారు పడకండి, చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను మొదటి నుంచే ఉండదు.

ఇంకో చిక్కు: తెర 1024×768 (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క) దగ్గరే ఆగిపోయి, మనుషుల మొహాలు పూరీల్లా సాగిపోయాయి. మానిటర్ తన సైజు ఎంతో సీపీయూకి చెప్పేది కింది వరసలోని 12, 15 పిన్నుల ద్వారా. మా పాత కేబుల్‌లో ఆ తీగలు లేవో, తెగిపోయాయో. కేబుల్ మారిస్తే 1366×768 దానంతట అదే వచ్చింది. కాబట్టి కన్వర్టర్‌ని తిట్టే ముందు ఇంకో వీజీఏ కేబుల్ పెట్టి చూడండి, పక్కింట్లో అడిగినా దొరుకుతుంది.

వీజీఏలో శబ్దం రాదు. కన్వర్టర్ పక్కన ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్నది తీసుకుంటే స్పీకర్లు దానికే పెట్టుకోవచ్చు. లేదా సీపీయూ వెనక ఆకుపచ్చ రంధ్రం ఉండనే ఉంది. ఏది వాడినా విండోస్ సౌండ్ సెట్టింగుల్లో దాన్ని ఎంచుకోవాలి, లేకపోతే అరగంట స్పీకర్లు కొట్టుకుంటూ కూర్చుంటారు, నాలాగా. కొన్ని ఓటీటీ యాప్‌లలో సినిమా పెడితే తెర నల్లగా ఉండిపోవచ్చు. అది కాపీ రక్షణ వల్ల, రిపేరు కాదు.

మన ఎండాకాలంలో కన్వర్టర్ చేయి పెడితే కాలేంత వేడెక్కేది, రెండుసార్లు బొమ్మ మాయమై మళ్లీ వచ్చింది. సీపీయూని గోడకి ఆనించి పెట్టడం మానేసి, వెనక జానెడు ఖాళీ వదిలాక ఆ గొడవ లేదు.